రెండు పళ్లేల పేరు

ఒకానొక రాజ్యంలో భూరివిక్రముడనే రాజుండేవాడు. రాజ్యం జానెడు, బిరుదులు బారెడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, గొప్పలకు పోయే గుణం పుట్టుకతో వచ్చింది, ఏం చేస్తాం.

మూడేళ్ల కరువు తరువాత తొలివాన కురిసిన రోజునే రాణి కమలాంబకు ఆడపిల్ల పుట్టింది. "పిల్లను తొలకరి అని పిలుచుకుందాం ప్రభూ" అంది రాణి.

"రాజు బిడ్డకు వాన పేరేమిటి? వింటే నలుగురూ వణకాలి" అన్నాడు రాజు. ఆస్థాన పండితుడి చేత 'అఖండభూమండలవిజయవైజయంతీమహాదేవి' అని పేరు కట్టించాడు.

రాణి బతిమాలింది, అన్నం మానేసింది. రాజు వినలేదు. చివరికి ఆమె కొలువులో చమత్కారి అయిన సింగనను పిలిపించి, "నా బిడ్డకు నేను కోరిన పేరు దక్కించు నాయనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

సింగన తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు. "ఎంత పేరు ప్రభూ. దీన్ని కుదించి పిలిచినా, మార్చి పిలిచినా అపచారమే. తప్పినవాళ్లు రాణిగారు కోరింది ఇచ్చుకోవాలని దండోరా వేయించండి."

రాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. "వేయించు. నేను తప్పినా అదే శిక్ష" అన్నాడు.

బారసాల నాడు రాజు బియ్యం పోసిన పళ్లెంలో ఉంగరంతో పేరు రాయబోతే పళ్లెం చాల్లేదు. రెండోది తెచ్చారు. తరువాత ముత్తైదువలు పిల్లను ఉయ్యాలలో వేసి, పేరు కలిపి జోల అందుకున్నారు. పేరు సగానికి వచ్చేసరికే ఊపిరి అయిపోతోంది, వరస తప్పుతోంది. పిల్ల లేచి గుక్కపట్టింది. "నేను పాడతాను తప్పుకోండి" అని పండితుడు గొంతెత్తాడు. ఇంక చెప్పాలా, పిల్ల ఏడుపు కోట గుమ్మం దాటింది.

రాజు తండ్రి కదా, ఆగలేకపోయాడు. బిడ్డను ఎత్తుకుని "అఖండభూమండల..." అని మొదలుపెట్టాడు. ఆ కందిపోయిన మొహం చూసేసరికి తరువాతేమిటో మరిచిపోయాడు. "ఊరుకో నా తల్లీ, నా తొలకరీ, ఊరుకోవే" అన్నాడు. రోజూ రాణి నోట విన్న పిలుపు అది. పిల్లకూ అలవాటైన పిలుపే, ఠక్కున ఊరుకుంది.

"ప్రభువులు దండోరా తప్పారు" అన్నాడు సింగన.

"కంగారులో వచ్చిందోయ్" అని నసిగాడు రాజు.

"కంగారులో వచ్చేదే మనసులోది ప్రభూ. మీ బిరుదులు వినపడితే జనం లేచి నిలబడతారు. తొలకరి వస్తే మాత్రం పిల్లాజెల్లాతో ఎదురు వెళతారు. మొన్న కిరీటం పక్కనబెట్టి వానలో తడిసింది తమరే కదా. మీ బిడ్డను చూసి జనం లేచి నిలబడాలా, ఎదురు రావాలా?"

రాజు కాసేపు మూతి ముడుచుకున్నాడు. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏం కావాలని రాణిని అడగనక్కర్లేకపోయింది. తన చేతి బంగారు కంకణం తీసి సింగనకు తొడిగి, "నీకూ ఓ బిరుదు ఇస్తాను" అన్నాడు.

"వద్దు ప్రభూ. మా ఆవిడ బిరుదుతో సహా నన్ను భోజనానికి పిలిచేసరికి కూడు చల్లారిపోతుంది."

రాజు మళ్లీ నవ్వి, పళ్లెంలో బియ్యాన్ని అరచేత్తో సర్ది కొత్తగా పేరు రాశాడు. ఒక్క పళ్లెమే సరిపోయింది, ఇంకా చోటు మిగిలింది.