చేతికందే ఎత్తు

పరదేశయ్య గారిని ప్రశ్న అడిగితే పని చెబుతారని ఆ తీరంలో అందరికీ తెలుసు. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక లెక్చరరు గారు మూడు రోజులు సరుగుడు మొక్కలకి నీళ్లు మోసి, అరచేతులు బొబ్బలెక్కి, అడిగిన సంగతే మరిచిపోయి రైలెక్కారు. కోపం ఎందుకొస్తుందని అడిగిన ఒకావిడ చేత చిక్కుపడ్డ వల విప్పించారు. ఆయనకి వాదించడం చేతకాదని గిట్టనివాళ్లు అనేవారు. నిజమేనని ఆయన కూడా తలూపేవారు. సముద్రం ఒడ్డున ఆ తోటలో ఆయనకున్న ఆస్తల్లా రెండు పాకలు, ఒక బావి, బాగా బలిసిన నాలుగు పిల్లులు.

వామనమూర్తి ఆయన దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. అతను యంత్రాలు తయారుచేసే ఇంజనీరు. ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు పగలగొట్టే యంత్రం పెట్టించింది అతనే. అంతకుముందు ఆ పని అరవై మంది ఆడవాళ్లు చేసేవారు. పిక్కలోంచి కారే జీడి అంటుకుని వాళ్ల వేళ్లు నల్లగా మాడిపోయి ఉండేవి. అన్నంలో పులుసు కలుపుకుంటే ప్రాణం పోయేంత మంట. ఆ చేతులు చూడలేకే అతను యంత్రానికి బొమ్మ గీశాడు. అది బ్రహ్మాండంగా నడిచింది. ఏడాది తిరిగేసరికి ఆ వేళ్లన్నీ తెల్లబడ్డాయి, ఎందుకంటే వాటికిక పని లేదు. యంత్రం దగ్గర ఇద్దరు మిగిలారు. యజమాని మేడ మీద మరో మేడ వేశాడు. ఇప్పుడాయనకి ఇంకో ఆరు ఫ్యాక్టరీలున్నాయి. వాటిలోనూ యంత్రాలు పెట్టాలి, రమ్మని ఉత్తరం రాశాడు. సోమవారంలోగా జవాబు చెప్పాలి.

శుక్రవారం సాయంత్రం వామనమూర్తి మనసులో ఉన్నదంతా గురువుగారి ముందు కక్కేశాడు.

"అయ్యగారూ, కొందరికి మేడలు, కొందరికి ఖాళీ చేతులు. ఈ తేడా తెచ్చింది యంత్రమా, లోకాన్ని నడిపించే వ్యవస్థా? యంత్రమే అయితే జన్మలో మళ్లీ దాని మొహం చూడను. వ్యవస్థ అయితే ఇందులో నా తప్పేమీ లేదు, వెళ్లి నా పని నేను చేసుకుంటాను. ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

గురువుగారు ఒళ్లో ఉన్న పిల్లి మెడ గోకుతూ అంతా విన్నారు. "రేపు పొద్దున్నే పెద్దవల లాగుతారు. వచ్చి తాడు పట్టుకో," అన్నారు.

పెద్దవల ఊరందరిదీ. పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదులుతారు. దాని రెండు కొసల తాళ్లనీ ఒడ్డున నిలబడి ఊరంతా లాగుతుంది. పడిన చేపని వాటాలు వేస్తారు. ఎవరెంత లాగారని ఎవరూ కొలవరు. తాడు మీద చెయ్యి పడిందా లేదా, అదొక్కటే చూస్తారు. చెయ్యి పడితే ఒక వాటా. పరదేశయ్య గారి చెయ్యి కూడా పడేది. ఆయన చేప తినరు. ఆ పిల్లుల బలుపు వెనకున్న రహస్యం అదే.

ముత్యాలు అనే ముసలావిడ కూడా రోజూ ఒడ్డుకి వచ్చేది. ఎనభై దాటాయి, కళ్లు పోయి పదేళ్లు. మొగుణ్ణి సముద్రం తీసుకుంది, పిల్లలు లేరు. ఆవిడ తాడుని లాగుతుందో, తాడే ఆవిణ్ణి లాగుతుందో చెప్పడం కష్టం. అయినా చెయ్యి పడేది, వాటా పడేది. ఆ వాటాలో సగం అమ్ముకుని, సగం వండుకునేది. ఆవిడ బతుకు మొత్తం ఆ ఒక్క వాటా మీదే నడిచేది.

శనివారం తెల్లవారేసరికి ఒడ్డున కొత్త సంగతి ఒకటి కనిపించింది. ఆ ఊరి గంగరాజు తన ట్రాక్టరుని ఇసకలోకి తెచ్చి పెట్టాడు. వల అప్పటికే నీళ్లలో ఉంది. ఇకనుంచి తాడు బండే లాగుతుందని అతను అందరికీ చెప్పాడు. ముందు ఒక కొసని కట్టి లాగి చూశాడు. ఆ కొస ముందుకొచ్చేసి, రెండోది వెనకబడి, వల వంకర తిరిగింది. "ఆపరా, ఆపు! సేపంతా జారిపోతాది!" అని వల పెద్ద దానయ్య కేకలేశాడు.

గురువుగారు తాడు పట్టుకోమన్న మాట వామనమూర్తికి గుర్తుంది. కానీ వంకరగా నడుస్తున్న యంత్రాన్ని చూస్తూ ఊరుకోవడం అతని ఒంట్లో లేదు. గంగరాజు దగ్గర రెండు గిలకలుంటే అడిగి తీసుకున్నాడు. పడవలు కట్టడానికి పాతిన రెండు కొబ్బరి మొద్దుల మీదికి ఎక్కాడు. తాడు ఇసకలో రాసుకుంటే బరువు పెరుగుతుందని, గిలకలు రెండూ మొద్దుల తలల మీద, మనిషిన్నర ఎత్తున బిగించాడు. రెండు తాళ్లూ వాటి మీదుగా తెచ్చి ఒకే ట్రాక్టరుకి కట్టించాడు.

ఇంజను అందుకుంది. రెండు తాళ్లూ ఒక్కసారి నీళ్లలోంచి లేచి, బిగుసుకుని, సమానంగా, తొణక్కుండా రావడం మొదలుపెట్టాయి. వాటి మీంచి నీటి బొట్లు వరసగా రాలుతుంటే అప్పుడే లేస్తున్న ఎండ వాటిలో మెరిసింది. నలభై మంది రెండు గంటలు రొప్పుతూ చేసే పని అది. అది చూస్తుంటే వామనమూర్తికి ఒళ్లు గగుర్పొడిచింది. తన చేత్తో కట్టిన రెండు గిలకలకి సముద్రం లొంగి వస్తోంది! ఊళ్లోవాళ్లు కూడా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"సూసినారా! ఇక ఎవులూ ముట్టుకోనక్కర్లేదు. నా బండి ముప్పై మంది పని సేస్తాది. ముప్పై వాటాలు బండికి పోగా మిగిలింది మీరు సూసుకోండి," అని గంగరాజు సీటు మీంచి అరిచాడు. అతని మాటలో మోసమేమీ లేదు. బండి అతనిది, డీజిలు అతనిది, చేస్తున్న పని కళ్లెదుట కనబడుతూనే ఉంది.

అప్పుడు ముత్యాలు వచ్చింది. రోజూ తాడుండే చోటికి అలవాటు కొద్దీ నడిచి, చెయ్యి చాపింది. చేతికేమీ తగల్లేదు. రెండడుగులు ముందుకేసి మళ్లీ చాపింది. తాడు ఆవిడ తల మీద, అంత ఎత్తున, గాలిలో వెళ్లిపోతోంది.

"తాడేదర్రా? నాను రాకముందే లాగీసినారేటి?" అంది. ఖాళీ గాలిలో ఆ చెయ్యి అలాగే తడుముతోంది.

వామనమూర్తి ఆ చేతినే చూస్తూ నిలబడిపోయాడు. అది తెల్లగా, ముడతలు పడి, పని కోసం వెతుకుతున్న చెయ్యి. అలాంటి అరవై మంది చేతులు అతనికి గుర్తొచ్చాయి. ఆ తాడుని అంత ఎత్తున కట్టమని ట్రాక్టరు అడగలేదు. కట్టింది తను. రాసుకోకూడదని ఆలోచించాడు గానీ, అందాలని ఆలోచించలేదు. సిగ్గుతో అతని మొహం మండిపోయింది.

"ఆపు గంగరాజూ!" అని అరిచి, చక్రాల కింద రాళ్లు పెట్టించి, మళ్లీ మొద్దులెక్కాడు. గిలకలు విప్పి కిందికి దించి నడుమెత్తున బిగించాడు.

"ఏటి బాబూ ఇది? బాగా నడుస్తుంటే! ఇలాగైతే డీజిలు ఎక్కువ తాగుతాది," అన్నాడు గంగరాజు.

"తాగుతుంది. కొంచెం తాగుతుంది," అన్నాడు వామనమూర్తి.

తాడు మళ్లీ కదిలింది. అతను ముత్యాలు చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. తాడు ఆవిడ అరచేతి కింద జరజరా పాకింది. ఆవిడ ఉలిక్కిపడింది. అరవై డెబ్బై ఏళ్లుగా ఆ తాడు తెలుసు ఆవిడకి. మనుషులు లాగితే అది ఆగి ఆగి, ఊపిరి తీసుకున్నట్టు వస్తుంది. ఇలా ఆగకుండా రావడం ఎప్పుడూ ఎరగదు. గుడ్డి కళ్లు పెద్దవి చేసి సముద్రం వైపు మొహం తిప్పింది.

"ఓలమ్మో! ఇయ్యేల ఎంతమంది పట్టినార్రా! ఇంత బలమెక్కడిది? పోయినోళ్లందరూ కూడా వొచ్చినారేటి? మా ముసలోడొచ్చినాడేటి?"

ముందుగా ఒక నడివయసు ఆడమనిషి వచ్చి ముత్యాలు వెనక తాడు మీద చెయ్యి వేసింది. తర్వాత ఇంకొకరు వచ్చారు. లాగాల్సిన అవసరం లేదని అందరికీ తెలుసు. అయినా ఒక్కొక్కరే వచ్చి, గుళ్లో గడపని ముట్టుకున్నంత మెల్లగా ముట్టుకున్నారు. నలభై మంది కదిలే తాడుతో పాటు నడిచి, కొసకి వచ్చి, మళ్లీ నీళ్ల దగ్గరికి వెళ్లి ముట్టుకున్నారు. పరదేశయ్య గారు పంచె ఎగ్గట్టి వరసలో నిలబడ్డారు. వామనమూర్తి కూడా చెయ్యి వేశాడు. తాడు చల్లగా, ఉప్పగా, ప్రాణమున్నట్టు అదురుతోంది. అంత బలం తన అరచేతి కింద నుంచి వెళ్తుంటే అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వల ఒడ్డెక్కింది. కవళ్లనే చిన్న చేపల గుంపు పడింది. ఇసకంతా వెండి పోసినట్టు ఎగిరెగిరి పడుతోంది. ముత్యాలు కాళ్ల మీద చేపలు దూకుతుంటే ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

గంగరాజు బండి దిగి వచ్చాడు. "మావా, మరి నా ముప్పై వాటాలు?" అన్నాడు.

దానయ్య చేపల్ని వాటాలుగా తోస్తూ అన్నాడు. "డీజిలు ముందు తీసీద్దాం, అది నాయం. ఆ తర్వాత నీకో వాటా, బండికో వాటా."

"ముప్పై మంది బలం మావా దానికి!"

"మా అన్నకి పదిమంది బలముండీది. ఆడు పడితే తాడు పాములా వొచ్చీది. ఆడికీ వాటా ఒకటే. ముత్యాలప్పకీ ఒకటే." దానయ్య ట్రాక్టరు మీద అరచేత్తో ఒకసారి తట్టాడు. "ఇదీ బలమైన మనిసే. కాదనను."

గంగరాజు మొహం మాడ్చుకున్నాడు. ఇలాగైతే రేపు తేనన్నాడు. ఎవరూ బతిమాలలేదు, ఎవరూ తిట్టలేదు. అప్పటికింకా ఎండ కూడా ఎక్కలేదు, మామూలు రోజుల్లో అయితే వల సగం దూరంలో ఉండేది. రెండోసారి వెయ్యొచ్చని పడవవాళ్లు అనుకుంటున్నారు. అతను కాసేపు గొణిగి తన రెండు వాటాలూ ఎత్తుకున్నాడు. తాడు మాత్రం బండికి కట్టి ఉన్నది విప్పలేదు.

గురువుగారూ వామనమూర్తీ తోట వైపు నడిచారు. గురువుగారి చేతి బుట్ట వాసన పట్టి పిల్లులు ఎదురొచ్చాయి. పాక దగ్గరికి వచ్చాక వామనమూర్తి ఆగాడు.

"అయ్యగారూ, ఆ ఉత్తరానికి ఏమని జవాబు రాయను? వెళ్లనా, మాననా?"

పరదేశయ్య గారు పిల్లులకి చేపలు వేస్తూ, తలెత్తకుండానే అన్నారు.

"రాద్దువుగానీ నాయనా. ముందు ఇది చెప్పు. ఆ జీడిపిక్కల అరవై మందిలో అందరికన్నా పొట్టి మనిషి ఎవరు? ఆవిడ చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుంది?"