తొందరున్నవాళ్ళ పడవ

నదికి అవతలి ఒడ్డున రాజుగారి కోట, ఇవతలి ఒడ్డున విద్యాపీఠం ఉన్నాయి. విద్యాపీఠంలో రెండు భవనాలు. ఒకదాంట్లో అర్థశాస్త్రం చెప్పేవారు: మనుషులు ఏం కోరుకుంటారు, దానికోసం ఏం వదులుకుంటారు అని. రెండోదాంట్లో లెక్కలు కట్టే యంత్రాలు చెయ్యడం నేర్పేవారు. రెండు భవనాల పెద్దలూ ఒకే బావి నీళ్ళు తాగుతూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా హాయిగా కాలం గడిపేవారు.

నది దాటే రేవుల్లో మాత్రం ఎప్పుడూ తొక్కిసలాటే. పడవలు తక్కువ, ఎక్కేవాళ్ళు ఎక్కువ. మొదట యంత్రాల పెద్ద ముందుకొచ్చి, ఏ రేవులో జనం పలచగా ఉన్నారో కనిపెట్టి అక్కడ పచ్చ జెండా ఎగరేసే యంత్రం చేశాడు. జెండా ఎగరడమే ఆలస్యం, ఊరంతా అటే పరిగెత్తింది. పడవ ఒకటి ఆ బరువుకి ఒరిగిపోయి, పాలకుండలు నీళ్ళలో తేలాయి.

"యంత్రం తప్పు చెప్పలేదు. అది చెప్పినప్పుడు అక్కడ ఎవరూ లేరు," అన్నాడు ఆయన తన శిష్యులతో.

"జెండా అందరికీ కనిపిస్తుందని దానికి తెలియదు పాపం," అని అర్థశాస్త్రం పెద్ద తన భవనంలో నవ్వాడు. ముందు ఎక్కాలంటే ఎక్కువ రుసుము కట్టాలని ఆయన నియమం పెట్టించాడు. మర్నాడు చదరంగం ఆడుకోవడానికి వెళ్ళే షావుకార్లు మొదటి పడవలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పురుడు పోయడానికి వెళ్ళాల్సిన మంత్రసాని ఒడ్డునే నిలబడిపోయింది.

అది విని రాజుకి చిరాకేసింది. రెండు శాస్త్రాలూ తెలిసిన గురువు కోసం విద్యాపీఠంలో కొత్తగా ఒక కుర్చీ వేయిస్తానని చాటింపు వేయించాడు.

పొరుగు దేశం నుంచి ఒకామె వచ్చింది. తండ్రి బట్టల అంగట్లో బేరాలు వింటూ పెరిగిన మనిషి. తర్వాత యంత్రాలు చెయ్యడం నేర్చుకుంది. అర్థశాస్త్రం పెద్ద ఆమెతో కాసేపు మాట్లాడి, "మీరు యంత్రాలవైపు మనిషి. మావాళ్ళు కారు," అన్నాడు. యంత్రాల పెద్ద ఇంకాసేపు మాట్లాడి, "మీకు మనుషుల గోల ఎక్కువ. మావాళ్ళు కారు," అన్నాడు.

రాజు మాత్రం, "వానలు పడేలోగా రేవు కుదుటపడితే కుర్చీ మీది. లేకపోతే అసలు కుర్చీయే ఉండదు," అన్నాడు.

ఆమె వెళ్ళి రేవు మెట్ల మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళందరినీ "తొందరుందా?" అని అడిగింది. అందరూ ఉందనే అన్నారు. గాలం వేసుకుని కునుకు తీస్తున్నవాడు కూడా కళ్ళు తెరవకుండానే ఉందన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. ఇలా అడిగితే నిజం రాదని అర్థమైంది.

కొన్నాళ్ళకి కొత్త పద్ధతి పెట్టింది. తొందరున్నవాళ్ళ పడవ ముందు బయలుదేరుతుంది. అయితే అందులో చుక్కాని పట్టడానికి పడవవాడు ఒక్కడే ఉంటాడు. తెడ్లు ఎక్కినవాళ్ళే వెయ్యాలి. జబ్బుపడ్డవాళ్ళు, గర్భిణులు ఊరికే కూర్చోవచ్చు. ఏ పూట ఎంతమంది తెడ్డు పట్టుకుంటున్నారో చూసి, తొందర పడవలు ఎన్ని పంపాలో, పడవవాళ్ళే తెడ్లు వేసే నింపాది పడవలు ఎన్ని నడపాలో లెక్క కట్టడం యంత్రం పని.

షావుకార్లు తెడ్లవైపు చూసి, రేవు పందిట్లోనే చదరంగం పరుచుకున్నారు. మంత్రసాని చీర చెంగు దోపుకుని పడవెక్కింది. పాలవాళ్ళు ఆమె వెనకే దూకారు. కుండలు చుక్క ఒలకకుండా అవతలి ఒడ్డు చేరాయి.

ఈ సంగతి ఊరంతా పాకేసరికి పెద్దలిద్దరికీ ఆమె తమ మనిషేనని గుర్తొచ్చింది. ఎవరు ముందు రాజుగారికి చెబితే కుర్చీ వాళ్ళ భవనానికే వస్తుంది. ఇద్దరూ ఒకే పొద్దున, ఒకే తొందరపడవ ఎక్కారు. ఒకాయన కుడివైపు తెడ్డు పట్టుకున్నాడు, ఒకాయన ఎడమవైపుది. ఎవరి ఊపు వారిది. పడవ నది మధ్యలో గిరగిరా తిరిగింది. ఒడ్డున జనం పనులు మానుకుని చూశారు.

"మీరు కాస్త నెమ్మదించండి," అన్నాడు ఒకాయన.

"మీరు కాస్త అందుకోండి," అన్నాడు రెండో ఆయన.

ఏళ్ళ తర్వాత వాళ్ళు ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలవి. కోట చేరేసరికి ఇద్దరి అరచేతులూ బొబ్బలెక్కాయి.

"ఇంతకీ ఆవిడ ఎవరి మనిషి?" అని రాజు అడిగాడు.

"మన మనిషే," అన్నారు ఇద్దరూ రొప్పుతూ.

"మరి కుర్చీ ఏ భవనంలో వేయించను?"

ఇద్దరూ మళ్ళీ నోరు తెరిచారు. రాజు చెయ్యెత్తి ఆపాడు. తనే వచ్చి తేలుస్తానని, పరివారం లేకుండా మామూలు బట్టల్లో రేవుకి బయలుదేరాడు.

"తొందరుందా అయ్యా?" అని పడవవాడు తెడ్డు చాచాడు. రాజు ఆ తెడ్డువైపు చాలాసేపు చూసి, వెళ్ళి నింపాది పడవలో కూర్చున్నాడు. పక్కనున్న వంకాయలమ్మే ఆవిడ ఆయన్ని గుర్తుపట్టలేదు.

"ఏం నాయనా, అంత పనేం లేదా?"

"ఉంది పెద్దమ్మా. ఒక కుర్చీ ఎక్కడ వెయ్యాలో తేల్చాలి."

"అందులో కూర్చునే మనిషి నిలబడి ఎదురుచూస్తున్నారా?"

రాజు విద్యాపీఠం ఒడ్డుకేసి చూశాడు. రేవు మెట్ల మీద రెండు భవనాల పిల్లలూ కలిసి కూర్చున్నారు. ఆమె మధ్యలో నిలబడి ఏదో చెబుతోంది. వాళ్ళు నవ్వుతున్నారు.

"లేదు. పాఠం చెబుతోంది."

"అయితే తొందరేముందిలే," అని ఆవిడ వంకాయల బుట్ట జరిపి, ఆయన కాళ్ళు చాపుకోవడానికి చోటిచ్చింది.