కారణం రాసిన గడి

హుసేనప్ప వస్తాదుకు ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా వెంటనే బదులు చెప్పేవాడు కాదు. "చూద్దాంలే" అనేవాడు. ఆ చూద్దాంలే ఒక్కోసారి మధ్యాహ్నానికే తేలిపోయేది, ఒక్కోసారి నెలలు పట్టేది. ఎర్రగుడిదిన్నె తాలింఖానాలో ఆయన దగ్గర కర్రసాము నేర్చుకున్నవాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. ఉరుకుందు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆయన రెండేళ్లు తీసుకున్నాడు.

ఉరుకుందు అంటే ఎవరనుకున్నారు! ఆ తాలింఖానాకే మేటి. ఎదుటివాడి నుదుటి మీద తమలపాకు అంటించి, గిర్రున తిరిగే కర్రను ఆకు చిరగకుండా ఆపగలిగిన చెయ్యి అతనిది. వస్తాదు తర్వాత ఆ గద్దె అతనిదేనని ఊరంతా అనుకునేది. అతనూ అనుకునేవాడు. నోటితో అననక్కర్లేదు, మీసం చూస్తే తెలిసిపోయేది.

ఆ మీసానికి తోడు ఇంట్లోకి తుపాకి వచ్చింది. జోడు గొట్టాలది, లైసెన్సున్నది. అదే నెలలో అవతలి వీధి మద్దిలేటి ఇంటికీ ఒకటి వచ్చింది. ఇద్దరిలో ముందు ఎవరు తెచ్చారంటే ఇతను అతన్నీ, అతను ఇతన్నీ చూపించేవాళ్లు. రెండిళ్లకూ పాత పగ. ఉరుకుందు చిన్నాయనను కళ్లంలోనే నరికేశారు, అప్పటికి ఉరుకుందుకు మీసాలు కూడా రాలేదు. మద్దిలేటి ఇంట్లోనూ ఒక ఫోటోకు దండ ఉంది. కాబట్టి ఇదంతా ఉత్త డాబు అని కొట్టిపారేయడానికి లేదు. కానీ డాబు కూడా ఉండేది, దాచడమెందుకు? భుజాన తుపాకి తగిలించుకుని టీ బంకు ముందు నుంచి పోతే బెంచీ మీది జనం లేచి నిలబడేవాళ్లు. ఆ పది అడుగులు ఉరుకుందు కావాలనే నిదానంగా నడిచేవాడు.

ఒకరోజు సాము అయ్యాక అతనే అడిగాడు, తుపాకి ఉంచుకోవడం తప్పా, ఉన్నవాడు ఈ గద్దె ఎక్కకూడదా అని. ఉత్తచేతులతో అడగలేదు, వాదం కూడా తయారు చేసుకునే వచ్చాడు. సర్కారు ఇచ్చిందే కదా, ఇంతవరకు మనిషి మీదికి ఎత్తలేదు కదా, ఆనాడు చిన్నాయన చేతిలో ఇదే ఉంటే బతికేవాడు కదా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు రెండుగా చీలిపోయారు. కాపాడుకోవడం మగవాడి హక్కని కొందరు, ఇంట్లో పాముని పెట్టుకుని నిద్రపోవడమేమిటని కొందరు. గొంతులు పెరిగాయి. వస్తాదు కర్రకు నూనె రాసుకుంటూ అంతా విన్నాడు. "చూద్దాంలే" అని లేచి పోయాడు.

రెండేళ్లకు ఎలక్షన్లు వచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలని దండోరా వేశారు. ఉరుకుందు బయల్దేరుతుంటే వస్తాదు కూడా కర్ర తీసుకుని బస్సెక్కాడు. టౌన్లో ఏదో పనుందన్నాడు. ఏం పనో ఉరుకుందు అడగలేదు. గురువు పక్కన, భుజాన తుపాకితో బజారులో నడవడం అతనికి ఒళ్లంతా గర్వంగా ఉంది.

స్టేషన్ వరండాలో మద్దిలేటి ముందే ఉన్నాడు, ఒళ్లో తుపాకి పెట్టుకుని. ఇద్దరూ చెరో స్తంభం చూసుకుంటూ నిలబడ్డారు. ఇంకో పదిమంది ఊరి మనుషులు కూడా ఉన్నారు. రైటరు ఒక్కొక్కరి ఫైలూ తీసి నెంబర్లు సరిచూసుకుంటున్నాడు. మద్దిలేటి వంతు వచ్చినప్పుడు వస్తాదు ముందుకు వచ్చాడు. ఎంక్వయిరీ నాడు ఊరి పెద్దగా ఈ ఇద్దరి అర్జీల మీదా సాక్షి సంతకం పెట్టింది తానేనని చెప్పి, ఇప్పుడు కళ్లు సరిగా ఆనడం లేదు, కారణం అన్న గడిలో ఏముందో కాస్త చదివి పెట్టమని అడిగాడు. ముసలాయన అడిగాడు కదాని రైటరు గట్టిగానే చదివాడు.

"కారణం: సదరు ఊరి ఉరుకుందు వలన నాకు ప్రాణభయం కలదు."

ఉరుకుందు ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేం. తన పేరు విని ఒకడు వణుకుతున్నాడని సర్కారు కాగితమే చెబుతోంది! చెయ్యి తనంతట తనే మీసం మీదికి పోయింది. మద్దిలేటి ముఖం మాడిపోయింది, వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. వస్తాదు నవ్వలేదు. రెండోది కూడా చదవమన్నాడు.

"కారణం: సదరు ఊరి మద్దిలేటి వలన నాకు ప్రాణభయం కలదు."

మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఉరుకుందుకు అప్పుడు గుర్తొచ్చింది. టౌన్లో అర్జీలు రాసే ఆయన, గట్టి కారణం లేనిదే లైసెన్సు రాదు, ఏం రాయమంటావని అడిగాడు. ప్రాణభయమని రాసుకో అని తానే చెప్పాడు, తానే సంతకం చేశాడు. తుపాకి చేతికొచ్చిన సంబరంలో ఆ మాటే మరిచిపోయాడు. ఇప్పుడు పదిమంది ముందు తల కొట్టేసినట్టయింది. మద్దిలేటి మెల్లగా తలెత్తి అతని వైపు చూశాడు. ఆ చూపులో పగ లేదు. ఆశ్చర్యం ఉంది. అదే ఉరుకుందుకు మరీ కష్టంగా తోచింది.

అతను రైటరు దగ్గరికి పోయి, ఆ ముక్క కొట్టేయమన్నాడు. రైటరు నవ్వాడు. ఆ ముక్క మీదనే కదయ్యా లైసెన్సు నిలబడింది, భయం లేదంటే తుపాకి ఎందుకు, తుపాకి వద్దని రాసిచ్చి పో, అప్పుడు ఆ ముక్కా లైసెన్సూ రెండూ పోతాయి అన్నాడు. ఉరుకుందుకు ఉన్న భయం లేకుండా పోలేదు. కళ్లంలో నెత్తురు కళ్లముందుకొచ్చింది. తుపాకి లేకుండా ఆ వీధిలో నడవడమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. వస్తాదు వైపు చూశాడు. ఆయన కర్ర మీద గడ్డం ఆనించుకుని రోడ్డు వైపు చూస్తున్నాడు.

"కాగితం ఇయ్యండి సార్," అన్నాడు ఉరుకుందు. "నేను భయపడితే భయపడితినేమో గానీ, అది రాసిపెట్టుకుని బతకలేను."

రాసిచ్చి, వేలిముద్ర కాదు, పూర్తి పేరుతో సంతకం చేశాడు. వరండాలో ఈసారి ఎవరూ నవ్వలేదు. మెట్లు దిగుతుంటే వెనక మద్దిలేటి గొంతు వినిపించింది, తనకూ ఒక తెల్లకాగితం కావాలని. గొంతులో కోపమే ఉంది. వాడు తన భయం కొట్టించుకుంటే తన భయం మాత్రం ఆ ఫైల్లో ఎందుకుండాలన్న కోపం.

ముగ్గురూ ఒకే బస్సులో వచ్చారు. మద్దిలేటి ముందు సీట్లో కూర్చున్నాడు, దిగేటప్పుడు వస్తాదుకు దారిచ్చి, వెనకున్న ఉరుకుందుకు కూడా ఇచ్చాడు. టీ బంకు ముందు నుంచి నడిచారు. బెంచీ మీది జనంలో కొందరు లేచారు, కొందరు లేవలేదు. ఉరుకుందు లెక్కపెట్టలేదు. తల ఎత్తుకునే నడిచాడు. భుజం ఖాళీగా ఉంది, తలకేం తక్కువ కాలేదు.

తాలింఖానా గడప దగ్గర వస్తాదు ఆగి, చెయ్యి నొప్పిగా ఉంది పట్టుకోమంటూ తన కర్రను అతనికిచ్చాడు. ఆ కర్రను ఇన్నేళ్లలో ఆయన ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. ఉరుకుందు దాన్ని రెండు చేతులా అందుకుని, తన ప్రశ్నకు బదులు ఇంకా రాలేదని గుర్తు చేశాడు. తుపాకి ఉంచుకోవడం తప్పా, ఒప్పా?

"నాకేం తెలుసు నాయనా," అన్నాడు హుసేనప్ప. "ఈ డెబ్బై ఏండ్లలో కారణం రాసిచ్చి గడప దాటాల్సిన పని నాకు పడలా."