గ్రీకులో ఆగిన వాక్యం

రోమా చక్రవర్తి ఏలుబడిలోని కైసరయ రేవుపట్నంలో, యూదుల గురువు రబ్బీ హనమేలు దగ్గర అజర్యా అనే శిష్యుడు లేఖనాలు చదువుకునేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అతను అయోమయంగా గురువు దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, ఇవాళ వాదనలో నికానోరును ఓడించాను. కానీ గెలిచినట్టు లేదు."

నికానోరు బట్టలకు రంగులద్దే క్రైస్తవుడు. యూదులకూ క్రైస్తవులకూ పవిత్రమైన లేఖనంలో, ఇతరుల బాధలు మోసిన సేవకుడంటూ ప్రవక్త చెప్పింది ఎవరి గురించి? ఇది వాళ్ళిద్దరి పాత తగువు. క్రీస్తు గురించే అంటాడు నికానోరు. కాదు, చెరలో నలిగిన మా ఇశ్రాయేలు ప్రజల గురించి అంటాడు అజర్యా.

"పొద్దున అతను సంతలో ఒక మూల కూర్చుని ఆ వాక్యమే గ్రీకులో చదువుకుంటున్నాడు. మధ్యలో ఆపి, ముందువెనకల మాటలన్నీ చూపించి, నలుగురిలో నిలదీశాను. ఎప్పుడూ నా ఒక్క మాటకు పది మాటలనేవాడు, ఇవాళ పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. ఎందుకంటారు?"

"అతన్ని అడిగావా?"

"లేదు."

హనమేలు చేతికర్ర అందుకుని బయల్దేరారు. అజర్యా వెనకే నడిచాడు.

నికానోరు ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. చక్రవర్తి విగ్రహానికి ధూపం వెయ్యనన్నందుకు అతని అన్నను రాగి గనుల్లో వెట్టిచాకిరీకి పంపారు. ఆయన అక్కడే చనిపోయాడని పొద్దున్నే సంతలో నికానోరుకు కబురందిందట.

అజర్యా గుమ్మంలోనే ఆగిపోయాడు. హనమేలు చెప్పులు విడిచి లోపలికెళ్ళి, నికానోరు పక్కన నేలమీద కూర్చున్నారు.

"పెద్దాయనా, మీరా!" అంటూ నికానోరు లేవబోయాడు.

"కూర్చో నాయనా. పొద్దున మావాడు ఆపేసిన వాక్యం చదువు."

నికానోరు గుమ్మం వైపు ఒకసారి చూసి పుస్తకం తెరిచాడు. రెండు పంక్తులు చదివాడు. మూడోది ఎంత ప్రయత్నించినా చదవలేక పుస్తకం ఒళ్ళో దించేశాడు.

అక్కడి నుంచి హనమేలు అందుకున్నారు. కళ్ళు మూసుకుని, లేఖనం అసలు భాష అయిన హెబ్రీలో, చివరిదాకా చెప్పారు. నికానోరుకు హెబ్రీ రాదు. అయినా పంక్తి పంక్తికీ తలూపుతూ ఏడ్చాడు.

తిరుగుదారిలో అజర్యా ఉండబట్టలేకపోయాడు.

"సేవకుడంటే మన ప్రజలే అని మీరే కదా నేర్పారు?"

"అవును. రేపడిగినా అదే చెబుతాను."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"అతను అర్థం అడగలేదు అజర్యా. చదవలేకపోయాడు."

గురువు ముందుకు సాగిపోయారు. నికానోరు ఇంటికి తిరిగి వెళ్ళాలో వద్దో, వెళ్తే ఏమనాలో తెలియక అజర్యా దారి మధ్యలో అలాగే నిలబడిపోయాడు.