పట్టమ్మ పాతిన మూడు ముళ్లు

అనగనగా ఒక అడవిలో, కొండ కడుపులోంచి పుట్టిన వాగు ఒకటి ఉండేది. పైన ఊట, నడుమ నల్లరాయి, కింద మడుగు. అడవిలోని జంతువులన్నీ ఆ మడుగులోనే దాహం తీర్చుకునేవి.

వాగు గట్టున ఒక రాతి బొరియలో ఉడుము ఒకటి కాపురం ఉండేది. ఏదైనా పట్టుకుంటే ఇక వదలదు కదా, అందుకని అందరూ ఆమెను పట్టమ్మ అని పిలిచేవాళ్లు.

ఒక రోహిణి కార్తెలో ఎండలు మండిపోతున్నాయి. పట్టమ్మ మడుగు దగ్గరికి వచ్చి, "నీళ్లు ఎంత లోతున్నాయర్రా?" అని అడిగింది.

"మోకాలి లోతు," అన్నాడు చుక్కన్న. చుక్కన్న అంటే దుప్పి.

"మోకాలి లోతే," అంది కుందేలు.

"మోకాలి లోతుకు తగ్గదు," అంది నక్క.

పట్టమ్మకు నవ్వొచ్చింది. "ఎవరి మోకాలర్రా? కుందేలు మోకాలైతే మన పని అయిపోయినట్టే! ఒరేయ్ చుక్కన్నా, నువ్వు బుల్లి పిల్లగా ఉన్నప్పుడూ మోకాలి లోతే అన్నావు. నీ మోకాలు పెరిగింది. దాంతోపాటు నీళ్లూ పెరిగాయా ఏమిటి?"

చుక్కన్న తన మోకాలి వంక చూసుకుని తల గోక్కున్నాడు.

పట్టమ్మ తిన్నగా ముళ్లపంది సూదయ్య దగ్గరికి వెళ్లింది. "సూదయ్య మామా, రాలిన ముళ్లు మూడు ఇస్తావా?"

"నా ముళ్లు చూసి పారిపోయేవాళ్లే గానీ, అడిగి తీసుకునేదానివి నువ్వొక్కదానివే!" అంటూ సూదయ్య మురిసిపోయి పొడవైన ముళ్లు మూడు ఏరి ఇచ్చాడు.

ముళ్లపంది ముల్లును మీరెప్పుడైనా చూశారా, పిల్లలూ? నల్ల పట్టె, తెల్ల పట్టె, మళ్లీ నల్ల పట్టె, అలా కొస దాకా. ఎవరో కూర్చుని కొలిచి రంగు వేసినట్టుంటుంది. పట్టమ్మ ఒక ముల్లును ఊట దగ్గర, ఒకదాన్ని నల్లరాయి దగ్గర, ఒకదాన్ని మడుగు అంచున రాతి సందుల్లో కదలకుండా దిగ్గొట్టింది.

"ఏటా మూడుసార్లు చూస్తాను మామా. ఎండలు ముదిరే రోహిణిలో, వానలు దంచే మఖలో, వానలు వెళ్లిపోయే స్వాతిలో. ఎన్ని పట్టెలు మునిగితే అన్ని గీతలు పక్క రాయి మీద గీస్తాను."

"ఎన్నాళ్లు?"

"నేనున్నన్నాళ్లు. ఆ తర్వాత నా పిల్లలు."

"అమ్మో!" అన్నాడు సూదయ్య.

మొదటి ఏడాది గీతలు చూడటానికి అందరూ వచ్చారు. రెండో ఏడు ఇద్దరే వచ్చారు. మూడో ఏడు ఒక్కరూ రాలేదు. పైగా ఆ స్వాతికి మడుగు నిండి పొర్లుతోంది.

చుక్కన్న పడీ పడీ నవ్వాడు. "అత్తా, నీళ్లు ఎదురుగా తొణుకుతుంటే ఇంకా ముల్లు చూడటమేమిటి? గోళ్లు అరిగిపోతాయి!"

"నిండిన రోజు గీత లేకపోతే ఎండిన రోజు దేనితో పోల్చనురా?" అంది పట్టమ్మ.

ఒక మఖలో ఆమె కాలికి రాయి తగిలి వాచిపోయింది. బయట జోరున వాన. ఈ ఒక్కసారికి ఊరుకుందామా అనిపించింది. బొరియ గుమ్మంలో కాసేపు నిలబడింది. తర్వాత కుంటుకుంటూ ఊట దాకా ఎక్కి, చూసి, గీసి వచ్చింది. ఎవరూ చూడలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. అయినా వెళ్లింది, చూశారా!

అలా ఆరో రోహిణి వచ్చింది. మడుగు అడుగంటింది. జంతువులన్నీ హడలిపోయాయి.

కిందటి వానాకాలంలో మోరమ్మ అనే అడవిపంది ఏడుగురు పిల్లలతో ఆ అడవికి వచ్చింది. నల్లరాయికీ మడుగుకూ మధ్య బురదలో దొర్లుతూ ఉండేది. చుక్కన్న ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వొచ్చాకే మా నీళ్లు పోయాయి! రేపు పొద్దున్నకల్లా అడవి వదిలి వెళ్లిపో!"

"ఇంకా చిన్న పిల్లలయ్యా! కొండ అవతల చుక్క నీళ్లు లేవు. దారిలోనే పడిపోతారు," అని మోరమ్మ ఏడ్చింది.

పట్టమ్మ ముందుకొచ్చింది. "ఆగండర్రా. ముందు ముల్లును అడుగుదాం."

మడుగు పక్క రాయి మీద ఆరు రోహిణుల గీతలున్నాయి. ఐదు, ఐదు, ఐదు, నాలుగు, మూడు, రెండు.

"కిందటి స్వాతికి ఆరు గీతలున్నాయిగా! ఆరు రెండయింది!" అని అరిచాడు చుక్కన్న.

"స్వాతిని స్వాతితో పోల్చాలి, రోహిణిని రోహిణితో పోల్చాలి. తగ్గడం నాలుగో ఏడే మొదలైంది. అప్పటికి మోరమ్మ ఎక్కడుందిరా?"

చుక్కన్న గీతల్ని మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టాడు.

అందరూ నల్లరాయికి ఎక్కారు. అక్కడా గీతలు అలాగే తగ్గుతూ వచ్చాయి. అంటే, మోరమ్మ బురద గుంట దాకా రాకముందే నీళ్లు తగ్గిపోతున్నాయన్నమాట. ఇంకా పైకి ఊట దగ్గరికి ఎక్కారు. అక్కడ ఆరు రోహిణులకూ ఐదేసి గీతలే!

"ఊట తగ్గలేదు. నల్లరాయికి వచ్చేసరికి తగ్గింది. మరి నీళ్లు ఎటు పోయినట్టు?" అని అడిగింది పట్టమ్మ.

కుందేలు ఎగిరి గంతేసింది. "ఈ రెంటికీ మధ్యనే ఎటో పోతున్నాయి!"

"శభాష్!"

వెతగ్గా వెతగ్గా పొదల చాటున ఒక మాను వాగుకు అడ్డంగా కూలి పడి కనిపించింది. దాని వెనక ఏటేటా మట్టి మేట వేసింది. నీళ్లు కొంచెం కొంచెంగా పక్క లోయలోకి మళ్లిపోతున్నాయి.

అందరికన్నా ముందు మోరమ్మే మేటలోకి మోర దూర్చింది. మట్టిని కుప్పలు కుప్పలుగా ఎత్తిపోసింది. చుక్కన్న సిగ్గుపడుతూ కొమ్మల్ని తన కొమ్ములతో లాగాడు. మూడో రోజుకు నల్లరాయి మీదుగా నీళ్లు గలగలా దూకాయి.

"తప్పు నాది మోరమ్మక్కా, మనసులో పెట్టుకోకు," అన్నాడు చుక్కన్న.

"ముందు నా పిల్లలకు దారి ఇవ్వు తమ్ముడూ, దాహంతో ఉన్నారు," అంది మోరమ్మ.

ఆ మఖలో పట్టమ్మ మడుగు దగ్గరికి వెళ్లేసరికి, ముల్లు ముందు అప్పటికే ఒకరు వంగి చూస్తున్నారు.

"ఎంతరా చుక్కన్నా, నీళ్లు?"

"మోకాలి... కాదు కాదు, ఆరు పట్టెలత్తా!"

పట్టమ్మ పక్కకు జరిగింది. "అయితే ఈసారి గీతలు నువ్వే గీయి."

నీతి: నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో కూడా ఒకే కొలతతో, విడవకుండా గమనించేవాళ్లే, కరువు వచ్చినప్పుడు అసలు కారణం కనిపెడతారు, ఏ పాపం ఎరగనివాళ్ల మీద నింద పడకుండా కాపాడతారు.