నక్క మామకు గిజిగాడి కిరీటం

పొలాల మధ్య ఓ పాత మోటబావి, దాని మీదికి వంగిన ఈతచెట్టు. చెట్టు మట్టలకి వేలాడే గూళ్లన్నీ గిజిగాళ్ల పనే. అందులోనూ పోగులయ్య అనే కుర్ర గిజిగాడి అల్లిక చూసి తీరాల్సిందే. సన్నటి గడ్డిపోచలు, ముడి మీద ముడి. గాలివాన వచ్చినా చెక్కు చెదరదు.

గిజిగాళ్లలో ఓ ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగమే అల్లి ఆపుతుంది. అప్పుడది అచ్చం మోటారు బండివాళ్ల హెల్మెట్‌లా ఉంటుంది, గడ్డం కింద పట్టీతో సహా. ఆడపిట్ట వచ్చి ముక్కుతో ముడులు లాగి చూస్తుంది. నిలిస్తే పెళ్లి, ఆ తర్వాతే మిగతా సగం. జారితే అంతే సంగతులు! తొలకరి పడేలోపు ఈ పెళ్లిచూపులు అయిపోవాలి. పోగులయ్యకి సజ్జమ్మ మీద మనసు. చూడ్డానికి వస్తానని ఆమె కబురు కూడా పెట్టింది.

సరిగ్గా అప్పుడే దిగాడు జంబులయ్య. నక్క. టీ కొట్టు వెనక బిస్కెట్ ముక్కలు ఏరుకుంటూ మనుషుల మాటలన్నీ ఒంటబట్టించుకున్న ఘటం.

"ఏం పనితనం అల్లుడూ! కానీ ఏం లాభం? ఎవడికి తెలుసు?"

"సజ్జమ్మకి తెలిస్తే చాలు మామా."

"ఒక్కర్తి చూస్తే కళాకారుడంటారట్రా? ఈ రోజుల్లో పని కాదు, కనబడటం ముఖ్యం. ఆన్‌లైన్‌లో లేనివాడు లోకంలో లేనట్టే."

"ఆన్‌లైనంటే?"

జంబులయ్య మూతి ఎత్తి సెల్ టవర్ చూపించాడు. దాని నిండా కాకులు. "అదిగో, అక్కడో కాకి అరిస్తే ఏడూళ్ల పిట్టలు వింటాయి. వాటితో చెప్పించే పూచీ నాది. నువ్వు రోజుకో కొత్త గూడు మొదలుపెట్టు చాలు."

"మరి పూర్తిచెయ్యడం?"

"పిచ్చి సన్నాసీ! మొదలుపెడితేనే ముచ్చట. ముగింపు ఎవడు చూస్తాడురా?"

పొగిడితే పడనివాడు ఇంకా పుట్టలేదు. మర్నాటి నుంచి తెల్లారితే టవర్ మీద కాకుల గోల. "లైవ్! లైవ్! ఈతచెట్టు దగ్గర పోగులయ్య లైవ్!" కౌజులు, పావురాలు, గోరింకలు, ఎక్కడెక్కడివో వచ్చి చెట్టుకింద మెడలెత్తుకుని నిలబడేవి. నచ్చితే తోకాడించాలి, అదే లైకు అన్నాడు జంబులయ్య. ఇక చూస్కోండి! పోగులయ్య ఒక కన్ను అల్లిక మీద, రెండో కన్ను తోకల మీద. రెండు ముడులు వెయ్యాల్సిన చోట ఒక చుట్టు తిప్పి వదిలేసేవాడు. చెట్టంతా సగం గూళ్లే. ఆరంభశూరత్వం కాపు కాస్తే అలాగే ఉంటుంది కాబోలు.

సజ్జమ్మ రానే వచ్చింది.

"నా ఫాలోవర్లని చూశావా సజ్జమ్మా?"

"ముందు గూడు చూడనీ."

ఒక్క లాగు లాగింది. గూడు ఊడి బుడుంగున బావిలో పడింది. ఇంకోటి లాగింది. అదీ బావిలోకే.

"పైన పటారం, లోన లొటారం! నీ తోకల మీద గుడ్లు పెట్టమంటావా?"

"అవి ఊరికే చూపించడానికి..."

"నేను కాపురానికొచ్చాను, తమాషా చూడ్డానికి కాదు. తొలకరిలోపు గట్టి గూడు ఒక్కటి చూపించు. లేదా నీ దారి నీది, నా దారి నాది."

పోగులయ్యకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు జనం మొహం చూడలేక తలకిందులుగా వేలాడి బుద్ధిగా ముడులు వేస్తుంటే, కింద రెల్లుపొద కదిలింది. అందులోంచి ఓ మూతి మెల్లగా బయటికొచ్చి, వెనక వరసలోని కౌజుని గుటుక్కున లాక్కుపోయింది. పక్కనున్న పిట్టకి కూడా తెలీలేదు. మెడ పైకెత్తి తోకాడిస్తోంది పాపం.

"ఓరి జంబులయ్యా! అందుకా ఈ లైవులు!"

తన గూళ్లు అన్నాళ్లూ నక్క వేసిన ఎర అని అప్పటికి అర్థమైంది పోగులయ్యకి. సజ్జమ్మ దగ్గరకెళ్లి బావురుమన్నాడు.

"ఏడిస్తే పోయిన కౌజు తిరిగొస్తుందా?" అంది సజ్జమ్మ. "ఊరందరికీ కనబడమని నీకు చెప్పాడుగా. అదేదో వాడికే చేసిపెట్టు."

పోగులయ్య రోజంతా కూర్చుని పచ్చి ఈనెలతో పెద్ద సగం గూడు అల్లాడు. సజ్జమ్మ లాగింది. వేలాడింది. ఊగింది. ఊడలేదు.

"మామా, ఇంత పేరు తెచ్చిపెట్టావు. నీకో కిరీటం అల్లాను."

"నాకా!" జంబులయ్య నోరు చెవులదాకా సాగింది. "పెట్టు, పెట్టు."

ఆ పళ్లకి జానెడు దూరంలో వాలాడు పోగులయ్య. గడ్డం కింద పట్టీ బిగించి ముడి మీద ముడి వేశాడు. సాయంత్రం కౌజులన్నిటికీ చెవిలో వేశాడు, కిరీటంలో ఎండిన ఈనెలు గలగలమంటే లేచిపొండని.

మర్నాటి ఎండకి పచ్చి ఈనె ఎండింది, బిగిసింది. తెల్లారి జంబులయ్య రెల్లుపొదలో నక్కి అడుగు వేశాడో లేదో, గల గల గల! కౌజులన్నీ బుర్రున లేచిపోయాయి. పోనీలే అని చెరువుగట్టుకెళ్లాడు. గలగల! జొన్నచేలో దూరాడు. గలగల! పంజాతో గీరితే పట్టీ ఇంకా బిగిసింది. పైగా టవర్ మీద కాకులు: "లైవ్! లైవ్! జంబులయ్య గారు జొన్నచేలో లైవ్!"

డొక్క ఎండిపోయి జంబులయ్య చెట్టుకిందికొచ్చాడు. "అల్లుడూ, నీకు పుణ్యముంటుంది, ఈ ముడి విప్పరా."

"అదేంటి మామా! కనబడటమే ముఖ్యమంటివి. ఏడూళ్లలో నువ్వు తెలియని పిట్ట ఉందా ఇవాళ?"

అప్పటికే తొలకరి మొదలైంది. చెట్టు మీద ఇప్పుడు పోగులయ్యది ఒకే ఒక్క గూడు, మిగతా సగం కూడా పూర్తయిన గూడు, గాలికి ఊగుతోంది. లోపల సజ్జమ్మ వెచ్చగా కూర్చుని నవ్వుతోంది. జంబులయ్య తడుస్తూ, గలగలమంటూ పొరుగూరి దారి పట్టాడు. ఆ ఊరి పిట్టలకి కబురు అప్పటికే అందింది.

నీతి: ముందు ముడి బిగించు, తర్వాత మెడ ఎత్తు.