దళపతి గారి మొదటి పాఠం

కలువగిరి రాజు చిక్కభూపతికి భయమంటే ఏమిటో తెలియదని భట్రాజులు రోజూ పొద్దున్నే గొంతు చించుకునేవారు. ఒక సోమవారం ఆ పాట మధ్యలోనే ఆగిపోయింది.

ఆ రోజు కొమరయ్య అనే తోటమాలి తొలికాపు బొండాం పట్టుకుని కొలువుకు వచ్చాడు. బొండాన్ని రాజు కళ్లెదుటే కొట్టి ఇవ్వడం అక్కడి ఆచారం. ఇంటి దగ్గర కొట్టి తెస్తే దారిలో ఎవరేం కలిపారో అని అనుమానం. కొమరయ్య సింహాసనం దగ్గర నిలబడి కత్తి పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే చిక్కభూపతి కునుకులోంచి కళ్లు తెరిచాడు.

"అమ్మో!" అన్నాడు భయమెరుగని రాజు.

వెంటనే దళపతి ఉద్దండరాయుడి భటులు కర్రలతో దూకారు. కొమరయ్య కిందపడ్డాడు. కత్తి చేతిలోంచి జారి అంత దూరాన పడ్డాక కూడా దెబ్బలు ఆగలేదు. బొండాం ఒక్కటే దొర్లుకుంటూ తప్పించుకుంది.

ఉద్దండరాయుడు మీసం మెలేశాడు.

"చూశారా ప్రభూ, నా శిక్షణ! ముందు దెబ్బ, తర్వాత మాట. వీడు మిమ్మల్ని చంపడానికే వచ్చాడు. రేపు కొలువులో వీడి కుడిచెయ్యి తీయించండి."

"బొండాం ఇద్దామని వచ్చానయ్యా! చెయ్యి పోతే చెట్టెలా ఎక్కేది? పిల్లలకేం పెట్టేది?" అని కొమరయ్య బావురుమన్నాడు.

రాజుకు జాలి వేయకపోలేదు. కానీ తోటమాలిది తప్పు లేదంటే, తాను ఉత్తపుణ్యానికి కేక పెట్టినట్టు ఒప్పుకోవాలి. రాజులకు అది మహా కష్టం.

సింహాసనం పక్కన అక్కమాంబ తమలపాకులకు సున్నం రాస్తోంది. రాజుగారి అడపం, అంటే తాంబూలం పెట్టె, మోసే మనిషి ఆమె. చేతిలో అడకత్తెర ఎంత పదునో, నోట్లో నాలుక అంతకు రెండింతలు పదును.

"భటుడికి ముందు నోరు పని చెయ్యాలి ప్రభూ, తర్వాత చెయ్యి. కర్ర ఆఖరున. ఎదుటివాడు కిందపడ్డాక కర్ర కూడా కిందికి దిగాలి" అంది.

"సున్నం రాసుకునే చేతికి కర్ర సంగతి ఏం తెలుసు?" అని ఉద్దండరాయుడు పకపకా నవ్వాడు.

రాజుకు సరదా పుట్టింది. "అక్కమాంబా, రాయుడి పద్ధతి తప్పని రేపటి కొలువులో అతని నోటితోనే అనిపించు. అనిపిస్తే కొమరయ్యను వదిలేస్తాను, నువ్వు కోరింది ఇస్తాను. లేకపోతే వాడి చెయ్యీ పోతుంది, నీ కొలువూ పోతుంది."

"సరే ప్రభూ. అయితే దళపతి గారి పద్ధతినే ఆజ్ఞగా చాటించండి. మీ దగ్గర ఎవరు కత్తి బయటికి తీసినా ముందు దెబ్బ, తర్వాత మాట."

ఆమె ఉద్దండరాయుడి వైపు తిరిగింది. "ఎవరైనానా దళపతి గారూ? చిన్నా పెద్దా తేడా చూడక్కర్లేదా?"

"ఎవరైనా సరే! చూసి, ఆలోచించి కొట్టేవాడు భటుడే కాదు."

ఆ సాయంత్రమే దండోరా వేయించారు.

మర్నాడు పొద్దున్న మంగలి పొదిలోంచి కత్తి తీయనన్నాడు. కర్రలు పట్టుకున్న భటులను చూపించి, గుమ్మం అవతలినుంచే దండం పెట్టి వెళ్లిపోయాడు. రాజు మాసిన గడ్డంతోనే కొలువుకు వచ్చాడు. తాంబూలం నోట్లో వేసుకుంటే పన్ను కలుక్కుమంది.

"ఇదేమిటి, వక్క ముక్కలు చెయ్యలేదు?"

"అడకత్తెరకు కూడా పదునుంది కదా ప్రభూ! నా వీపు మీద నాకు మమకారం" అంది అక్కమాంబ.

ఇంతలో కొమరయ్యను తీసుకొచ్చారు. కుడిచెయ్యి వాచిపోయి ఉంది. ఈ పూట దాటితే ఆ వాచిన చెయ్యి కూడా ఉండదని అతను దానికేసే చూసుకుంటున్నాడు.

బూర మోగింది. ఉద్దండరాయుడు జరీ తలపాగాతో లోపలికి వచ్చాడు. రోజూ కొలువు మొదట్లో దళపతి కత్తి దూసి రాజు పాదాల దగ్గర పెట్టి మొక్కాలి. ఏళ్ల తరబడి చేస్తున్న పని. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. సర్రున కత్తి దూశాడు.

"భటులారా! ప్రభువు దగ్గర కత్తి!" అని అరిచింది అక్కమాంబ.

భటులు మంచి శిక్షణ పొందినవాళ్లు. చూడలేదు, ఆలోచించలేదు. మొదటి దెబ్బకు జరీ తలపాగా ఎగిరి భట్రాజుల ఒళ్లో పడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. దళపతి కత్తి పారేసి స్తంభం వెనక్కి దూకాడు. కర్రలు ఆ స్తంభం చుట్టూ వెంటపడ్డాయి.

"ఆగండ్రా! నేనురా, మీ దళపతిని!"

"ఎవరైనా సరే అన్నారు కదండీ!" అన్నాడు ముందున్న భటుడు, కర్ర ఎత్తుతూనే.

"కత్తి పారేశాను కదరా! మొక్కడానికి తీశాన్రా! ఎందుకు తీశావని ముందు అడగండ్రా! అడిగి ఏడవండి!"

అక్కమాంబ రాజు వైపు తిరిగి చేతులు జోడించింది.

"విన్నారా ప్రభూ? ముందు అడగాలట. దళపతి గారే సెలవిచ్చారు."

రాజు చెయ్యెత్తి భటులను ఆపాడు. నవ్వు ఆపుకోవడం మాత్రం అతని వల్ల కాలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని కొమరయ్యను దగ్గరికి పిలిచాడు.

"కత్తి ఎందుకెత్తావయ్యా?"

"బొండాం కొట్టడానికి, ప్రభూ."

"నిన్ననే ఈ ముక్క అడగాల్సింది. నేను భయపడ్డాను. తప్పు నాదే." ఆ మాటకు కొమరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి నయమయ్యేదాకా ఆస్థాన వైద్యుడు చూస్తాడనీ, ఇంటి ఖర్చు రాజుదేననీ చిక్కభూపతి మాటిచ్చాడు.

"నీకేం కావాలి అక్కమాంబా?"

"భటులకు కొత్త శిక్షణ మొదలుపెట్టించండి ప్రభూ. ఎప్పుడు అడగాలో, ఎప్పుడు పట్టుకోవాలో, కర్ర ఎప్పుడు దించాలో నేర్పాలి. అందులో రోజూ దొంగ వేషం వేసి నిలబడటానికి ఒక గట్టి మనిషి కావాలి."

సభంతా స్తంభం వైపు చూసింది.

"వేస్తాను," అని వెనకనుంచి ఉద్దండరాయుడి గొంతు నీరసంగా వినిపించింది, "ముందు ఆ కర్రలు దించమనండి!"

కొలువు కొలువంతా గొల్లుమంది. రాజు తన చేతి కంకణం తీసి అక్కమాంబ ఆకుల పళ్లెంలో వేశాడు.